కిర్రుమనే మంచానికి మేకు మందు కాదు

అమలాపురం ఇంట్లో ముప్పై నలభై ఏళ్ళు చడీచప్పుడూ లేకుండా ఉన్న పట్టెమంచం హైదరాబాద్ ఫ్లాట్‌కి రాగానే కిర్రుమనడం మొదలుపెడుతుంది. మొదటి ఏడాది పక్క మీద అటు నుంచి ఇటు దొర్లితేనే శబ్దం. రెండో వేసవికి అంచున కూర్చుంటే చాలు. వడ్రంగిని పిలిస్తే నాలుగు మూలలా పెద్ద మేకులు దిగ్గొట్టి వెళ్తాడు. కొన్నాళ్ళు ఊరుకుంటుంది. తర్వాత మళ్ళీ అదే గోల, ఈసారి కోడులో నిలువునా ఓ చీలికతో సహా. ఆఖరికి "పాతదైపోయిందండీ, తీసేసి కొత్తది కొనుక్కోండి" అనే మాట వస్తుంది.

నా అభ్యంతరమంతా ఆ మాట మీదే. తడి తగలకుండా, పురుగు పట్టకుండా ఉన్న మంచి చెక్క వందేళ్ళకు కూడా బలం కోల్పోదు. వదులయ్యేది మంచం కాదు, దాని అతుకులు. అవి ఎందుకు వదులయ్యాయో తెలుసుకుంటే బిగించడం ఓపికగల మనిషికి చేతనయ్యే పనే.

పట్టె, కోడు కలిసేచోట అసలు ఏం జరుగుతుంది?

చెట్టు కొట్టి ఎన్నేళ్ళయినా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. కోనసీమ గాలిలో తేమ ఏడాదిలో చాలాకాలం 75 శాతం పైనే. అలాంటి గాలిలో ఉన్న చెక్కలో, దాని పొడి బరువుతో పోలిస్తే 15 శాతం దాకా నీరుంటుంది. అదే చెక్కను ఏప్రిల్, మే నెలల హైదరాబాద్ ఎండకు, అందులోనూ ఏసీ నడిచే గదికి తీసుకొస్తే అక్కడ గాలిలో తేమ 30 శాతమే ఉంటుంది. చెక్కలో నీరు 6 శాతం దగ్గరికి దిగుతుంది.

నీరు పోతే చెక్క కుంచించుకుపోతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. నార పొడవునా దాదాపు కదలదు. ఆరడుగుల పట్టె ఏ కాలంలోనైనా ఆరడుగులే. నారకు అడ్డంగా మాత్రం బాగా కదులుతుంది. పెద్దగా కదలని చెక్క అని పేరున్న టేకులో కూడా, నాలుగంగుళాల వెడల్పున్న పట్టె ఈ తేమ తేడాకి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా తగ్గగలదు. వినడానికి చిన్న కొలత. అతుకు దగ్గర మాత్రం చాలా పెద్దది.

ఇప్పుడు మంచం మూల దగ్గరికి వద్దాం. పట్టె చివరను సన్నగా చెక్కి తీసిన భాగం కుసి. అది దిగడానికి కోడులో తొలిచింది బెజ్జం. పట్టెలో నార నేలకు సమాంతరంగా పోతుంది, కోడులో నిలువుగా పోతుంది. వానాకాలం తేమకి కుసి ఎత్తు పెరగాలని చూస్తుంది. బెజ్జం ఎత్తు కోడు నార వెంట ఉంది కాబట్టి అది పెరగదు. చోటు దొరకని కుసి తనలో తానే నలుగుతుంది. దాని లోపలి సన్నటి గొట్టాలు అణిగిపోతాయి. ఒకసారి అణిగినవి మళ్ళీ పూర్తిగా లేవవు. వేసవి రాగానే కుసి మామూలుగా తగ్గాల్సినదానికంటే ఎక్కువ తగ్గుతుంది. మళ్ళీ వాన, మళ్ళీ ఎండ. ఏటా ఓ పిసరు.

సముద్రం పక్క ఊళ్ళో గాలి ఎప్పుడూ తేమగానే ఉండేది కనుక నలిగిన కుసి ఉబ్బి ఉండి బెజ్జాన్ని నింపేది. లోపం అప్పటికే ఉంది, బయటపడలేదు. ఎండుగాలికి వచ్చాక బయటపడింది. కిర్రు శబ్దం ఆ ఖాళీలో రెండు చెక్కలు పట్టుకుంటూ, జారుతూ ఒరుసుకునే చప్పుడు.

ఏ మూల నుంచి వస్తోందో పట్టుకోవడం తేలిక. మంచం మీద ఒకరిని కూర్చోబెట్టి నెమ్మదిగా ఊగమనండి. మీరు ఒక్కో మూలా కోడునూ పట్టెనూ కలిపి అరచేత్తో పట్టుకోండి. శబ్దం గదంతా వినిపిస్తుంది గానీ కదలిక ఆ మూలలోనే చేతికి తెలుస్తుంది. పట్టె కోడుకి ఆనేచోట పోస్టుకార్డు దూరిందంటే ఆ అతుకు విప్పాల్సిందే.

నవారు తీసేసి ప్లైవుడ్ వేస్తే తప్పేంటి?

పెద్ద తేడాయే పడుతుంది. ఈ సంగతి చాలామంది వడ్రంగులు కూడా మర్చిపోయారు. నవారు మంచంలోనూ నులక మంచంలోనూ కుసులకు చాలాసార్లు జిగురే ఉండదు. బిగించి అల్లిన నవారు ఎదురెదురు పట్టెలను లోపలికి లాగుతుంది. ఆ లాగుడుతోనే కుసులు బెజ్జాల్లోకి నొక్కుకుని కూర్చుంటాయి. మనిషి పడుకుంటే లాగుడు ఇంకా పెరుగుతుంది, అతుకు ఇంకా బిగుస్తుంది. వదులైనప్పుడల్లా నవారు విప్పి మళ్ళీ లాగి కట్టుకోవడం అందుకే. అల్లిక అక్కడ పడకా అయింది, మంచాన్ని పట్టి ఉంచే కట్టూ అయింది.

ఆ నవారు తీసి ప్లైవుడ్ పలకా, దాని మీద బరువైన పరుపూ వేశాం. లోపలికి లాగే బలం పోయింది, పైనుంచి బరువు పెరిగింది. జిగురు లేని కుసులు ఊగక ఏం చేస్తాయి? మీది మొదట నవారు మంచమే అయితే పట్టెల మీద నవారు ఒరుసుకుని నునుపైన గుర్తులు, లేదా తాడు దూర్చడానికి వేసిన కంతలు కనిపిస్తాయి. అలాంటిదానికి నా సలహా మళ్ళీ నవారు అల్లించమనే. పలకే కావాలంటే దాన్ని పట్టెల మీద ఊరికే పరచకుండా, మూలమూలా అడుగున చెక్క దిమ్మలు పెట్టి మరలతో పట్టెలకు బిగించండి. మంచం ఊగకుండా పలక కొంత ఆపుతుంది.

మేకు ఎందుకు వద్దు?

చెక్క కదులుతుంది, ఇనుము కదలదు. కాలం మారినప్పుడల్లా చెక్క మేకు చుట్టూ నలిగి కంత పెద్దదవుతుంది. మేకు దిగేటప్పుడు నారను విడదీసుకుంటూ దిగుతుంది. అప్పటికే బెజ్జంతో డొల్లగా ఉన్న కోడుకి అదే చీలిక మొదలు. గాలిలో తేమకు మేకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చీలిక ఇంకా తెరుచుకుంటుంది.

ఇంకోటి కూడా ఉంది. నల్లమద్ది, తుమ్మ వంటి చెక్కల్లో వగరు పదార్థం, అంటే టానిన్, ఎక్కువ. తుమ్మ బెరడుతో తోళ్ళు ఊనేది అందుకే. టానిన్‌కి ఇనుమూ తేమా తగిలితే నల్లటి మరక పడుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకున్నది ఈ రసాయనంతోనే. మంచం మీద మేకుల చుట్టూ నల్లగా పాకిన మచ్చ ఎంత తోమినా పోదు. అది మురికి కాదు, సిరా. ఆక్సాలిక్ ఆమ్లం పలచగా కలిపి పూస్తే చాలావరకు పోతుంది. అది విషం కనుక చేతికి తొడుగులు వేసుకోవాలి, పని అయ్యాక నీళ్ళతో రెండుసార్లు కడిగి తుడవాలి.

ఇది టేకా, రోజ్‌వుడ్డా? ఎలా తెలుస్తుంది?

ముందుగా, మంచమంతా ఒకే చెక్క అనుకోకండి. కోళ్ళకు తరిణి మీద నున్నగా తిరిగే చెక్క, పట్టెలకు బరువుకి వంగని చెక్క, కనబడని అడుగు బద్దలకు ఏది చవకైతే అది వాడేవారు. కోళ్ళు రోజ్‌వుడ్, పట్టెలు టేకు, బద్దలు మామిడి ఒకే మంచంలో ఉండొచ్చు. ఏ భాగానికి ఆ భాగం చూడాలి.

రంగును నమ్మొద్దు. వయసుకీ వెలుగుకీ పొగకీ నూనె చేతులకీ ఏ చెక్కయినా గోధుమరంగుకే తిరుగుతుంది. పైగా చవక చెక్కకు ముదురు పాలిష్ పట్టించి రోజ్‌వుడ్ అని అమ్మడం పాత అలవాటే. పాలిష్ తగలని చోటు చూడాలి: పట్టె అడుగు, కుసి ముఖం, కోడు పైకొన. అక్కడ చిన్న పేడు తీస్తే లోపలి రంగు, వాసన బయటపడతాయి.

అసలు సాక్ష్యం అడ్డకోతలో ఉంటుంది. కొత్త బ్లేడుతో పట్టె చివర గోరంత మేర నున్నగా కోయండి. రంపం కోత పనికిరాదు, అది అంతా చెరిపేస్తుంది. కోసిన చోట ఒక నీటి చుక్క రాసి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దంలోంచి చూడండి. పది రెట్లు పెంచి చూపేదైతే మంచిది. వరిగడ్డి మోపును అడ్డంగా కోసి చూసినట్టు, సన్నటి కంతలు కనిపిస్తాయి. అవి చెట్టు నీళ్ళు పైకి పంపుకున్న గొట్టాలు. అవి ఎలా పరుచుకున్నాయన్నది చెట్టు జాతిని పట్టిస్తుంది.

టేకులో అవి చెల్లాచెదురుగా ఉండవు. ఏటేటా పెరుగుదల మొదలైన చోట పెద్ద కంతలు వరసగా విల్లులా తీరి ఉంటాయి. ఆ వరస దాటితే చిన్నవీ, పలచగానూ. మళ్ళీ కొంత దూరానికి ఇంకో పెద్ద కంతల వరస. కొన్ని కంతల్లో తెల్లటి, పసుపు పొడి అడ్డుపడి ఉంటుంది. మన అడవుల చెట్లలో కంతలు ఇలా వలయంగా తీరేవి చాలా తక్కువ. అందుకే ఈ ఒక్క గుర్తు టేకు విషయంలో సగం సందేహం తీర్చేస్తుంది. మిగతా సగం చెయ్యీ ముక్కూ తీరుస్తాయి. కొత్తగా తీసిన పేడును వేళ్ళ మధ్య రుద్దితే కొంచెం జిడ్డుగా ఉంటుంది. వాసన పాత తోలు వాసన.

రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి లేదా ఇరుగుడు, వేరే తీరు. కంతలు అంతటా చెదిరి ఉంటాయి. ఒక్కో కంతకు రెండు పక్కలా లేత రంగు రెక్కలు తొడిగినట్టుండి, అవి ఒకదానితో ఒకటి కలిసి అలల గీతలవుతాయి. లోపలి రంగు ఊదా కలిసిన గోధుమ, మధ్యలో నల్లటి చారలు. కోస్తే తీపి పరిమళం. నల్లమద్దిని రోజ్‌వుడ్‌గా చలామణీ చేస్తారు గానీ అందులో ఆ ఊదా ఛాయా ఉండదు, పరిమళమూ ఉండదు. నార అటూ ఇటూ అల్లుకుని ఉండటంతో చిత్రిక పడితే పేళ్ళు ఎగిరి గరుకు దేలుతుంది.

బరువు కూడా సాయపడుతుంది. ఆరడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పట్టె విప్పితే తూచండి. టేకైతే ఆరు కిలోల దగ్గర తూగుతుంది. రోజ్‌వుడ్, నల్లమద్ది ఎనిమిది కిలోలు ఉంటాయి. మామిడికీ టేకుకీ మాత్రం బరువులో పెద్ద తేడా ఉండదు. అక్కడ అడ్డకోతే చూడాలి.

వేగిస, అంటే ఏగి, విషయంలో చక్కటి పరీక్ష ఉంది. గాజు గ్లాసు నీళ్ళలో చిటికెడు రంపపు పొట్టు వేసి కాసేపు ఉంచండి. నీళ్ళు తేనెరంగుకి తిరిగి, వెలుతురులో పక్కనుంచి చూస్తే నీలి మెరుపు కనబడుతుంది. మధుమేహానికి మంచిదని ఈ చెక్కతో లోటాలు చేసి అమ్ముతుంటారు, మీరు చూసే ఉంటారు. పనస కోసినప్పుడు పచ్చటి పసుపు, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు తేనెరంగు. బొబ్బిలి వీణలు చేసే చెక్క ఇదే. వేప ఎర్రటి గోధుమరంగు. అది మహాగనీ కుటుంబపు చెట్టే కాబట్టి పాలిష్ పడితే చాలామంది మహాగనీ అనుకుంటారు.

ఇంతా చూసి తేలకపోతే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వాళ్ళు చిన్న ముక్కను చూసి చెక్క పేరు చెప్పగలరు. కుసి చివర నుంచి అగ్గిపెట్టె ముక్కంత తీసి ఇస్తే మంచానికి వచ్చే నష్టమేమీ లేదు.

తాతగారు బర్మా టేకు అనేవారు. నిజమేనా?

కావచ్చు. రంగూన్‌కీ మన కోరమాండల్ రేవులకీ రాకపోకలు బాగా నడిచిన రోజుల్లో బర్మా టేకు కాకినాడ, విశాఖల మీదుగా వచ్చేది. ఉపాధికి అటు వెళ్ళిన తెలుగువాళ్ళను కోరింగ రేవు పేరుతో బర్మాలో కోరంగీలు అన్నారు. అదే కాలంలో మన గోదావరి ఏజెన్సీ టేకు, ఆదిలాబాద్ టేకు కూడా కావలసినంత ఉండేవి. బర్మాదీ మనదీ ఒకే జాతి చెట్టు. భూతద్దంలో చూసి ఇది ఇరావతిదని, ఇది గోదావరిదని చెప్పడం కుదరదు. వలయాల వరసలు దగ్గరదగ్గరగా ఉంటే ఆ చెట్టు మెల్లగా పెరిగిందని మాత్రం చెప్పొచ్చు. ఇంట్లో పాత చీటీయో లెక్కల పుస్తకమో ఉంటే తప్ప ఆ పేరుకు అంతకుమించి రుజువు ఉండదు. మంచం విలువకి అది అక్కర్లేదు కూడా.

వలయాల సంగతి వేరేచోట పనికొస్తుంది. అతుకులో వెయ్యడానికి టేకు ముక్క కావాలంటే కొత్త తోటల టేకు కాకుండా, పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే అడితిలో విరిగిన ద్వారబంధం ముక్క కొనండి. వలయాలు అంతే దగ్గరగా ఉన్న ముక్క రంగులోనూ కదలికలోనూ మీ పట్టెకు సరిపోతుంది.

విప్పేదెలా, బిగించేదెలా?

పని మొదలుపెట్టే ముందు మంచాన్ని అది ఉండబోయే గదిలోనే రెండు మూడు వారాలు ఉంచండి. చెక్క ఆ గాలికి అలవాటుపడ్డాక తీసిన కొలతే నిలుస్తుంది. మంచి ముసురులో బిగించిన అతుకు వేసవికి వదులవుతుంది.

విప్పేటప్పుడు ప్రతి మూలా కోడు మీదా పట్టె మీదా సుద్దతో ఒకే అంకె వేసుకోండి. చేత్తో చేసిన మంచంలో ఏ కుసి ఆ బెజ్జానికే సరిపోతుంది. బాగా చూస్తే పాత వడ్రంగి కూడా ఉలితో గాట్లు పెట్టిన గుర్తులు అక్కడే కనిపించవచ్చు. తర్వాత మేకులు. తల కనబడేలా చుట్టూ కొంచెం చెక్క తీసి పటకారుతో లాగండి. రాకపోతే కోడు మీద సుత్తితో బాదకండి. తుప్పు పట్టిన మేకును టంకం పెట్టే కడ్డీతో ఓ నిమిషం వేడిచేస్తే చెక్క పట్టు సడలుతుంది. అతుకును పట్టి ఉంచే చీలలు వెదురువో చెక్కవో అయితే సన్నవైపు నుంచి తట్టితే వెనక్కి వస్తాయి. విప్పడానికి పట్టె మీద చెక్క దిమ్మ అడ్డుపెట్టి, దాని మీద కొట్టండి.

కొన్ని అతుకుల్లో గోధుమరంగు పెళుసు జిగురు కనబడుతుంది. అది పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన సరేసు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. దాన్ని పూర్తిగా గీకెయ్యాలి. పాత జిగురు మీద ఫెవికాల్ పోస్తే అది చెక్కలోకి దిగదు, పట్టదు. అంతకుముందు ఎవరైనా ఫెవికాల్ వాడి ఉంటే దాన్నీ గీకాల్సిందే.

ఇక కుసి. అసలు పనంతా ఇక్కడే. వదులైన కుసికి పేడు అతికించి లావు చేస్తారు గదా, ఆ పేడు ఎటువైపు పడాలన్నది ముఖ్యం. కుసికి రెండు వెడల్పాటి ముఖాలుంటాయి, పైనా కిందా రెండు అంచులుంటాయి. పేడు ముఖాలకే వెయ్యండి. అదే జాతి చెక్క, నార కూడా కుసి నార వెంటే ఉండాలి. అంచులకు మాత్రం వెయ్యకండి. వానాకాలంలో కుసి ఎత్తు పెరుగుతుందనీ బెజ్జం పెరగదనీ పైన అనుకున్నాం కదా. పైనో కిందో ఒక మిల్లీమీటరు ఖాళీ వదిలితే కుసి నలగకుండా ఊపిరి పీల్చుకుంటుంది. చాలామంది ఆ ఖాళీ చూసి లోపమనుకుని లప్పంతో నింపేస్తారు. వచ్చే వానాకాలానికి కథ మొదటికొస్తుంది.

టేకుకి ఇంకో జాగ్రత్త. అందులోని జిడ్డు పైకి ఊరి జిగురును పట్టనివ్వదు. అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు ఉలితో గీకి, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. పొద్దున గీకి సాయంత్రం అతికిస్తే ఫలితం ఉండదు. చెక్కను ముందు గుర్తుపట్టమన్నది ఇలాంటి కారణాలకే.

కుసి మొత్తం విరిగిపోతే పట్టె పారెయ్యక్కర్లేదు. పట్టె చివర కూడా బెజ్జం తొలిచి, గట్టి చెక్కతో విడి కుసి చేసి సగం పట్టెలో జిగురుతో నాటి, మిగతా సగం కోడులోకి పంపొచ్చు. నార పొడవునా ఉండాలి. కోడు చీలితే చీలికలోకి జిగురు పోసి, తాడు చుట్టి, తాడులో కర్ర దూర్చి మెలిపెట్టి, ఒక రోజంతా అలా వదిలెయ్యండి. తరిణి పట్టిన గుండ్రటి కోడుకి బిగింపు ఇనుపముక్కలకన్నా తాడే నయం, గాటు పడదు.

పొడవు పట్టెలకూ కోళ్ళకూ మధ్య జిగురు వద్దని నా గట్టి అభిప్రాయం. జిగురు పెడితే మంచం రేపు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. తలవైపు, కాళ్ళవైపు చట్రాలకు మాత్రం జిగురు పెట్టి, పొడవు పట్టెలను చీలతోనే పట్టించండి. చీలకు కన్నం వేసే పద్ధతి కూడా ఉంది. ముందు కోడుకి బరమాతో కన్నం వెయ్యండి. కుసి దూర్చి, ఆ కన్నంలోంచి కుసి మీద గుర్తు పెట్టి, బయటికి తియ్యండి. గుర్తు మీద కాకుండా, పట్టె భుజంవైపు ఒక్క మిల్లీమీటరు జరిపి కుసికి కన్నం వెయ్యండి. ఇప్పుడు కొన సన్నగా చెక్కిన వెదురు చీల కొడితే, అది రెండు కన్నాలనూ ఒక వరసలోకి తేవడానికి పట్టెను కోడులోకి లాగుతుంది. నవారు చేసే పని చీల చేస్తుందన్నమాట. వెదురు పైతొక్క వైపు గట్టిగా ఉంటుంది, ఆ భాగంతోనే చీల చెయ్యండి.

చీలలు పూర్తిగా దిగ్గొట్టే ముందు ఒక మూల నుంచి ఎదుటి మూలకు తాడు లాగి కొలవండి, మిగతా రెండు మూలలకూ అలాగే. రెండు కొలతలూ సమానమైతే మంచం మూలమట్టంగా ఉన్నట్టు. లేకపోతే పొడవెక్కువ ఉన్న మూలను తట్టి సరిచెయ్యండి.

పుచ్చు పట్టిందని ఎలా చెప్పాలి?

మంచం కింద నల్ల కాగితం పరిచి పట్టెలను తట్టండి. మర్నాటికి పిండిలా మెత్తటి లేతరంగు పొడి మళ్ళీ రాలి ఉంటే పురుగు లోపల బతికే ఉంది. ముదురు కంతలు, పొడి లేకపోవడం, అది పాత గాయం. వదిలెయ్యొచ్చు. ఈ పురుగు గంజి పదార్థం కోసం వస్తుంది. అది చెట్టు చేవలో ఉండదు, చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఉంటుంది. టేకు పట్టెలో కూడా ఒక అంచున మాత్రమే పుచ్చడం అందుకే. చేవ దాకా వెళ్ళదు.

కిరోసిన్ పూయడం పాత పద్ధతి. పైపైన ఆవిరైపోతుంది, పడకగదిలో నిప్పు భయం మిగులుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన గోరువెచ్చటి నీరు నయం. పాలిష్ ఉన్నచోట అది లోపలికి ఇంకదు కాబట్టి పాలిష్ లేని అడుగువైపు, కుసుల దగ్గర, బెజ్జాల్లో రెండు మూడు పూతలు పూయాలి. చెదలైతే సంగతి వేరు. అవి నేల నుంచి మట్టి దారి కట్టుకుని వస్తాయి. మంచానికి మందు వేసి గోడను వదిలేస్తే లాభం లేదు.

పాలిష్ అంతా గీకెయ్యాలా?

వద్దు. ఎనభై ఏళ్ళలో చెక్కకు వచ్చిన రంగు మిల్లీమీటరు లోతు కూడా ఉండదు. యంత్రం పెట్టి గరుకు కాగితంతో రుద్దితే పావుగంటలో పోతుంది, మళ్ళీ రాదు. ముందు టర్పెంటైన్ తడిపిన గుడ్డతో మైనం, జిడ్డు తుడవండి. తర్వాత కనబడని చోట స్పిరిట్ తడిపిన దూదిని ఒక నిమిషం ఆనించండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. అది అదృష్టం, ఎందుకంటే లక్క మీద కొత్త లక్క పాతదాన్ని కరిగించుకుని ఒకటైపోతుంది. లీటరు స్పిరిట్‌లో 200 నుంచి 250 గ్రాముల చపడా లక్క ఒక రాత్రంతా నానేసి, వడకట్టి, పలచటి పూతలుగా గుడ్డతో పట్టించండి. కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దరిదాపుల్లో వద్దు.

పాత ఎనామిల్ రంగులు వేసిన మంచమైతే పొడిగా రుద్దకండి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. తడి చేసి గీకి, ఆ పెచ్చులు కాగితంలో పోగుచేసి తీసెయ్యాలి. పిల్లలు, గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు. రోజ్‌వుడ్, టేకు పొట్టు కొందరికి దద్దుర్లు తెస్తుంది, తుమ్ములు తెప్పిస్తుంది. ముక్కుకి మాస్క్ తప్పనిసరి.

అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపొచ్చా?

టేకు, పనస, వేప అయితే చెక్క జాతి వల్ల ఇబ్బంది లేదు. పురుగు నివారణ చేసిన పత్రం అడుగుతారు, అంతే. రోజ్‌వుడ్ అయితే ఆగండి. రోజ్‌వుడ్ చేరిన డాల్బెర్జియా ప్రజాతి చెట్లన్నీ 2017 జనవరి 2 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం రక్షణలో ఉన్నాయి. తేలికపాటి వస్తువులకు మినహాయింపు ఉంది గానీ మంచం బరువు దానికి మించుతుంది. అనుమతి కాగితాలు లేకుండా ఓడెక్కిస్తే అవతలి రేవులో జప్తు చేస్తారు. కోళ్ళు రెండే రోజ్‌వుడ్ అయితే ఆ మినహాయింపు వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.

బాగు చేశాక మళ్ళీ వదులైతే?

కొంచెం అవుతుంది. చెక్క కదలడం మానదు కదా. అందుకే చీలను కోడు లోపలివైపు నుంచి, పరుపు కిందకి వచ్చేలా కొట్టండి. దాని తలను కోడుకి సమంగా కోసెయ్యకుండా పావు అంగుళం బయటికి వదలండి. చీల కొసకంటే తల లావు కాబట్టి లోపలికి దిగేకొద్దీ బిగుస్తుంది. మే నెలలో ఒకసారి పరుపు ఎత్తి, చెక్క సుత్తితో ఒక్కోదాన్ని ఒకటి రెండు దెబ్బలు కొట్టండి. అయిదారేళ్ళకు ఆ పావు అంగుళం అయిపోతే చీల లాగేసి కొత్త వెదురు చీల వేసుకోండి.